అతిథి విన్న ఊరు

నేను సంగీతం నేర్చినవాణ్ణి కాను. కామర్సు చదివి, బ్యాంకులో పద్దులు చూస్తూ యాభై దాటినవాణ్ణి. అయినా హవానా నగరపు వృద్ధ గాయకుల పాటలు కొన్నేళ్ళుగా నన్ను వదలడం లేదు. పాటలకంటే ఎక్కువగా, వాటి వెనక ఉన్న ఒక ధర్మసందేహం వదలడం లేదు.

కథ కొందరికైనా తెలిసే ఉంటుంది. 1996 మార్చిలో అమెరికన్ గిటారు విద్వాంసుడు రై కూడర్ క్యూబా రాజధాని హవానాకు వెళ్ళాడు. మన విశ్వమోహన్ భట్‌తో కలిసి వాయించి 1994లో గ్రామీ బహుమతి పంచుకున్నది ఈయనే. పశ్చిమాఫ్రికాలోని మాలి దేశపు వాద్యకారులనూ క్యూబా వాళ్ళనూ కలిపి ఒక రికార్డు చేయాలని సంకల్పం. మాలి నుంచి రావలసినవాళ్ళు రాలేకపోయారు. స్టూడియో సిద్ధంగా ఉంది, అతిథి వచ్చి కూర్చున్నాడు. దాంతో క్యూబా పాతతరం వాళ్ళతోనే రికార్డు చేయాలనుకున్నారు.

ఇబ్రహీం ఫెరేర్‌కు అప్పటికి 69 ఏళ్ళు. పాడటం మానేసి, పింఛను చాలక బూట్లు పాలిష్ చేస్తున్నాడు. రూబెన్ గొంజాలెజ్‌కు 76. పియానో విద్వాంసుడే గాని ఇంట్లో పియానో లేదు. 88 ఏళ్ళ కొంపాయ్ సెగుందో ఒకప్పుడు ఏళ్ళ తరబడి చుట్టలు చుట్టి బతికినవాడు. ఆరు రోజుల్లో రికార్డింగు ముగిసింది. ఎప్పుడో మూతపడిన ఒక నృత్యశాల పేరు మీద ‘బ్వేనా విస్తా సోషల్ క్లబ్’ అని 1997లో వెలువడి, లక్షల ప్రతులు అమ్ముడైంది. 1998లో గ్రామీ వచ్చింది. 1999లో విమ్ వెండర్స్ వీళ్ళ మీద డాక్యుమెంటరీ చిత్రం తీశాడు.

ఆ చిత్రం చూస్తే హవానా మీద మోజు పుడుతుంది. సముద్రపు గోడ మీదుగా ఎగిరిపడే అలలు, పెచ్చులూడిన పాత మేడలు, వీధుల్లో తిరిగే 1950ల నాటి అమెరికా కార్లు, ఎక్కడ చూసినా పాట. నా సందేహం ఇక్కడే మొదలైంది. ఆ పాత కార్లను అక్కడివాళ్ళు సరదాకి దాచుకోలేదు. 1962 నాటి అమెరికా వాణిజ్య నిషేధం తర్వాత కొత్తవి రాక, ఉన్నవాటికే అతుకులు వేసి నడుపుకున్నారు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక తిండికీ, చమురుకూ, కరెంటుకూ కటకట ఏర్పడింది. చూడవచ్చినవాడికి రంగుగా కనబడింది ఆ ఊరివాడికి లేమి. మరి ఆ అందాన్ని చూసి ఆనందించడం తప్పా?

తప్పని తేల్చేయడం సులభం. కాని తొంభైకి దగ్గరపడిన కొంపాయ్ నవ్వులో నటన లేదు. స్టూడియో తలుపు తీయగానే రూబెన్ పియానో దగ్గరికి పరుగెత్తేవాడట. పేదవాడు కాబట్టి అతని ఆనందం నిజం కాదనడం అతన్ని ఇంకొకసారి పేదవాణ్ణి చేయడమే. వాళ్ళకు వినేవాళ్ళు కావాలి. అతిథి విన్నాడు. రికార్డు మీద వాళ్ళ పేర్లు వచ్చాయి, ముసలితనంలో ప్రపంచం తిరిగారు, డబ్బు చూశారు. నిషేధాన్ని ఉల్లంఘించినందుకు కూడర్ తన ప్రభుత్వానికి 25,000 డాలర్ల జరిమానా కట్టుకున్నాడు. ఇదంతా జమ వైపు రాయవలసిందే.

ఖర్చు వైపు రెండు పద్దులున్నాయి. మొదటిది ‘కనుగొన్నాడు’ అన్న మాట. కూడర్ ఈ వృద్ధులను కనుగొన్నాడని లోకమంతా రాసింది. నిజానికి వాళ్ళను వెతికి కూడగట్టినవాడు హవానా సంగీతకారుడే, హువాన్ దె మార్కోస్ గొంజాలెజ్. అంతకు కొద్ది రోజుల ముందే, అదే స్టూడియోలో, వాళ్ళలో చాలామందితో ఆయన మరో రికార్డు చేశాడు. 1492లో కొలంబస్ అడుగుపెట్టిన దీవి అది. కనుగొనడం అనే మాటకు అక్కడ ఎంత చరిత్ర ఉందో చెప్పనక్కరలేదు.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. ఆ రోజుల్లో హవానా కుర్రకారు నాట్యం చేసింది ఈ పాత పాటలకు కాదు, టింబా అనే కొత్త సంగీతానికి. అతిథి చెవి పాతదాన్ని ఎంచుకుంది. అది అతని హక్కు. కాని అతను విన్నదే హవానా అని ప్రపంచం నమ్మింది. ఆ తర్వాత వచ్చిన యాత్రికులు ఆ పాటలే అడిగారు. హోటళ్ళలో ఆ పాటలే మోగాయి. ఊరు అతిథి జ్ఞాపకాన్ని అనుకరించడం మొదలుపెట్టింది.

దూరదేశపు సంగతి మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. రాష్ట్రం బయట పుట్టి పెరిగిన మన బోటి తెలుగువాళ్ళకు ఇది దూరపు సంగతి కాదు. కొన్నేళ్ళ కిందట హోసూరు ప్రాంతంలో ఒక సభకు హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. మా నోట ‘తావు’, ‘అంగడి’ లాంటి మాటలు విని మురిసిపోయారు. “తెలుగు మీ దగ్గరే బతికుందండీ!” అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. వెనక వరసలో కూర్చున్న ఒక రైతు మాత్రం లేచి, “మాటలు బాగుండాయి సామీ, వాటిని చదివే పిల్లోళ్ళేరి?” అన్నాడు. పెద్దమనిషి నవ్వి ఊరుకున్నారు. బడి గురించి గాని, పంతులు గురించి గాని ఆయన అడగలేదు. నిజం చెప్పాలంటే, ఆయన చేత అడిగించాలని మాకూ తోచలేదు. పొగడ్త అంత తియ్యగా ఉంది.

ఆయనది దురుద్దేశం కాదు. ఆయన ఆనందం కూడా నిజమే. కాని ఒక ఊరి పాట విని ఆనందించినవాడు ఆ ఊరికి కొంత బాకీ పడతాడని నా నమ్మకం. పాట తెచ్చి ఇచ్చినవాడి పేరు చెప్పడం ఆ బాకీలో ఒక భాగం. నేను విన్నది ఇంతే, ఊరు ఇంతకంటే పెద్దదని ఒప్పుకోవడం మరో భాగం. వెనక వరసలోంచి ఎవరైనా ఏదైనా అడిగితే, కూర్చుని జవాబు చెప్పడం మిగిలిన భాగం. ఆ రైతుకు ఆ రోజు జవాబు దొరకలేదు. అతనికి ఆ బాకీ అతిథి ఒక్కడే కాదు, చప్పట్లు కొట్టిన మేమూ ఉన్నాం.