ఇల్లు చిన్నదైన దాసోహము చిన్నదగునా?

మక్తల్ సమీప గ్రామమున ఉపాధ్యాయ వృత్తి నెరపి విరమించిన మా బావగారు ఇటీవల నా యొద్దకు వచ్చి ఒక సందేహమును వెల్లడించినారు. వారిది తాత కట్టగా తండ్రి పెంచిన భవంతి ఇల్లు. నడుమ వాకిలి, చుట్టును ఏడు అర్రలు, వెనుక పశువుల కొట్టము, ముందర పదిమంది కూర్చుండదగిన అరుగులు. ఒకప్పుడు పదునెనిమిది మంది పంక్తిలో కూర్చుండి ప్రసాదము స్వీకరించిన ఆ ఇంట నేడు మిగిలినది దంపతులిద్దరే. కుమారులిద్దరు హైదరాబాదున ఉన్నారు. కుమార్తె రాయచూరున కాపురమున్నది. వాన కురిసిన మిద్దె కారుచున్నది. చవుడు మోసి మిద్దెకు వేయుటకు మనిషి దొరకుట లేదు. మహబూబ్‌నగరున రెండు గదుల ఇల్లొకటి చూచి వచ్చినారు గాని మనస్సు ఒప్పుకొనలేదు.

"బావా, జంగమయ్యల పాదములు కడిగిన గడప ఇది. దీనిని అమ్ముకొని చిన్న ఇంట చేరుట ధర్మమేనా? దాసోహము చేసిన చేయి ముడుచుకొన్నట్లు కాదా?" అని వారు నన్ను ప్రశ్నించినారు.

ఈ ప్రశ్న వారి ఒక్కరిదే కాదు. మన నల్గొండ, పాలమూరు ప్రాంతములలో ఎన్నో లింగాయత కుటుంబములు నేడు ఈ గడప యొద్దనే నిలిచి యున్నవి. కావున దీనిని అందరి ప్రశ్నగా తీసికొని విచారింతము.

మొదట ఒక మాట. తెలంగాణ ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2021లో 58 నుండి 61 సంవత్సరములకు పెరిగినది. ఆ అంకె ఎంతకు పెరిగినను ఉద్యోగమునకు విరమణ తప్పదు. శరణులు బోధించిన కాయకమునకు మాత్రము విరమణ లేదు. కావున విశ్రాంతికి ఏ ఇల్లు మేలు అని గాక, మిగిలిన కాయకమునకు ఏ ఇల్లు తగును అని అడుగుట మనకు ఉచితము. ఏడు అర్రలు ఊడ్చుటయందే పొద్దు గడచినచో ఇష్టలింగ పూజకు, పిల్లలకు రెండక్షరములు చెప్పుటకు శక్తి మిగులునా?

ఇల్లు విడుచుట మన సీమకు క్రొత్త సంగతి కాదు. నల్గొండ జిల్లా నందికొండ యొద్ద 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాది పడినది. తరువాత కృష్ణపై శ్రీశైలము ప్రాజెక్టు వచ్చినది. దాని మూలమున 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైబడిన గ్రామములు ఖాళీ అయినవి. లక్షకు పైబడిన జనులు ఇల్లు, పొలము, తోట విడిచి కదలినారు. ఆ ఇండ్ల వెడల్పెంత, అందలి వారి వయస్సెంత అని నీరు విచారింపలేదు. మనసొప్పి విడిచినది త్యాగము. ఒప్పుకొనకయే విడువవలసి వచ్చినది నష్టము. రెండింటను గడప దాటుట ఒకటే అయినను వాని ధర్మము వేరు. వృద్ధులైన తలిదండ్రులను ఇల్లు అమ్ముమని తొందరపెట్టు సంతానము ఈ భేదమును బాగుగా గుర్తింపవలెను. నిర్ణయము ఆ ఇంట నివసించిన వారిది కావలెను.

ఆ ముంపు కథలోనే మనకు పనికివచ్చు మరియొక సంగతి ఉన్నది. కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లి యొద్ద చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయము ఉండెడిది. నీటి పాలు కాకుండ దానిని రాయి రాయిగా విప్పి అలంపురమునకు తెచ్చి తిరిగి నిలిపినారు. నేడు అచ్చటనే దర్శనమిచ్చుచున్నది. కర్ణాటకమున బసవేశ్వరుడు ఐక్యమందిన కూడలసంగమమున వేరొక విధముగా చేసినారు. నారాయణపురము జలాశయపు నీరు చుట్టుముట్టగా, ఐక్య మంటపమును కదల్పక, దాని చుట్టును బావివలె గోడ కట్టి రక్షించినారు. భక్తులు మెట్లు దిగి దర్శించుకొనుచున్నారు. ఒక చోట ఆలయమును కదల్చినారు, మరియొక చోట ఉన్నచోటనే కాపాడినారు. రెండును భక్తియే. ఇల్లు కుదించుకొనువాడు నేర్వవలసిన వివేకము ఇదియే. కదల్చదగినది ఏది, కదల్పరానిది ఏది అని ముందుగా తెలిసికొనవలెను.

మన ధర్మమున దైవము కదలునట్టిది. బసవేశ్వరుడు స్థావరము కంటె జంగమమును మిన్నగా ఎంచినాడు. ఇష్టలింగము భక్తుని ఎద మీదనే ఉన్నది. ఏడు అర్రలలోనున్న శివుడే రెండు గదులకును వచ్చును. ఆయనకు బండి కట్టనక్కరలేదు. ఈ విషయమున బావగారి భయమునకు తావు లేదు.

కదల్పరానిది కూడ కలదు. మనవారిని భూమిలో సమాధి చేయుదుము. తలిదండ్రుల సమాధులు పలువురికి స్వంత పొలములోనే ఉన్నవి. బావగారి తండ్రిగారి సమాధి సైతము ఊరి వెలుపలి చేనులో ఉన్నది. ఇల్లు అమ్మినను ఆ చోటు అమ్మరాదనియు, పొలమే అమ్మవలసి వచ్చినచో సమాధి స్థలమును, దానికి పోవు బాటను మినహాయించి దస్తావేజులో వ్రాయించుకొనవలెననియు నేను చెప్పితిని.

ఇక సామగ్రి మాట. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మన ఇండ్లలో అందరు ఎరిగినదే. రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తెచ్చినాడు. అది మనది కాదు, తిరిగి ఇచ్చి రమ్మని లక్కమ్మ పంపినది. ఆ ఇల్లాలి ముందు మన అటకలు దింపి చూపగలమా? నలుబది ఏండ్లుగా నిప్పు మీదికెక్కని గంగాళములు, ఎవరును పరుండని మంచములు, గింజ లేని గరిసెలు, విప్పని చీరల మూటలు. ఇవన్నియు అవసరమునకు మించి తెచ్చిన బియ్యమే. గంగాళము మఠమున వంటకు వచ్చును. పుస్తకములు బడికి చెందును. మంచము మంచము లేనివానికి చెందును. అయితే పగిలినవి ఇచ్చి మంచివి దాచుకొనుట దాసోహము కాదు. అది ఇంటి చెత్త ఎత్తివేయుట.

అతిథి వచ్చినచో ఎట్లు అని బావగారు అడిగినారు. నల్గొండ సీమలో రేణుకాచార్యుల క్షేత్రమైన కొలనుపాకను తలచుకొందము. అచ్చట వేర్వేరు వృత్తుల వారి పేర మఠములు వెలసినవి. ఒక్కొక్క గృహస్థుడు తన ఇంట పెట్టుకొనజాలని చోటును సంఘము కూడి కల్పించినది. పాత్రలు మఠమునకిచ్చిన వాడు అచ్చటి పంక్తిలో వడ్డించుటకును పోవచ్చును. చిన్న ఇంట ఒక చాప, ఒక పళ్లెము అదనముగా ఉన్న చాలును. అవి కూడ లేకున్ననే ఇల్లు ఇరుకైనట్లు లెక్క.

వ్యవహార ధర్మము కూడ చెప్పవలెను. పిత్రార్జితమగు ఇంట కుమార్తెకు కుమారులతో సమానమైన హక్కును 2005 నాటి చట్ట సవరణ కల్పించినది. స్త్రీ పురుష భేదము పాటింపని శరణుల మార్గమునకు ఇది అనుకూలమే. రాయచూరులోని బిడ్డను అడుగక ఇల్లు అమ్మరాదు. సంతానమునకు ఇల్లు దానపత్రము వ్రాయువారు తమను పోషించు షరతును అందులోనే స్పష్టముగా వ్రాయించుట మేలు. అట్టి షరతు ఉండి సంతానము తప్పినచో, ఆ బదిలీని రద్దు చేయించుకొనుటకు 2007 నాటి తలిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టమున వీలున్నది. తనకు నిలువ నీడ లేకుండ చేసికొనువాడు రేపు ఎవరికి అన్నము పెట్టగలడు?

ఇంత చెప్పిన పిమ్మట నా తప్పు నాకు తోచినది. ఆ ఇంటిని నలుబది ఏండ్లు ఊడ్చి, అలికి, నీరు మోసిన మా చెల్లెలిని నేను గాని, బావగారు గాని ఒక్కమాట అడిగి ఉండలేదు. అనుభవ మంటపమున శరణులతో సరిసమానముగా శరణ స్త్రీలు మాటాడిన సంగతి ఉపన్యాసములలో చెప్పుదుము. ఇంటిలో మరతుము. నేను వారి ఊరికి పోయి అడిగితిని.

ఆమె ఇట్లన్నది: "అన్నా, ఏడర్రలు ఊడ్చి నడుము వంగింది. అర్రలు పోతే నాకు బాధ లేదు. ఆ పట్నంల మూడో అంతస్తు మీద తలుపేసుకొని కూసుంటే, పొద్దున నన్ను పలకరించేటోళ్లెవరు? నాకు అరుగు కావాలె."

మేమిద్దరము అర్రలను లెక్కించుచుండగా ఆమె మనుష్యులను లెక్కించినది. ఇల్లు కుదించుకొనుట వలన అసలు నష్టము ఎచ్చట కలుగునో ఆమె మాటతో నాకు తెలిసినది. ఎదుటివాని ముఖము కనబడని చోట దాసోహము ఎవరికి చేయుదుము?

మహబూబ్‌నగరు ఇంటి ఆలోచన మానుకొని వారు మక్తలులోనే, బంధువులున్న వీధిలో, నేలమీది రెండు గదుల ఇల్లు తీసికొన్నారు. ముందర చిన్న అరుగున్నది. కుమార్తె సమ్మతితో పాత ఇంటిని పొరుగు రైతుకు అమ్మినారు. ఆ కుటుంబమున పదకొండు మంది ఉన్నారు. పెద్ద ఇల్లు పెద్ద సంసారమునకు చేరినది. సమాధి స్థలము మాత్రము వారి పేరనే ఉన్నది.

మొన్న నేను పోయినప్పుడు బావగారు అరుగు మీద ఇద్దరు పిల్లలకు ఎక్కములు చెప్పుచున్నారు. లోపల మా చెల్లెలు మూడవ పళ్లెము కడిగి ముందుంచినది. ఆ పూట నేను ఆ ఇంటి జంగముడనైతిని. ఇల్లు ఇరుకని నాకు తోచలేదు.

శరణు శరణార్థి.