ఒక్క బిడ్డ, వేయిమంది లెక్క

దసరా ప్రసాదం వరుసలో నిలుచున్నప్పుడు మాలాంటి వైద్యులను తల్లులు పక్కకు పిలిచి అడుగుతుంటారు: "డాక్టరు గారూ, పాపకి ఈ టీకా వేయిస్తే ఏమీ కాదు కదండీ?" ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. ఐరోపావారు హేతువాద యుగమని చెప్పుకునే 18వ శతాబ్దంలో మహామహులే దీని దగ్గర తడబడ్డారు.

అప్పటి భయం మశూచి. మన పల్లెల్లో అమ్మవారు పోసిందనేవారే, అదే. రోగి పొక్కులోని రసిని ఆరోగ్యంగా ఉన్నవారి చర్మానికి గాటు పెట్టి ఎక్కిస్తే, చాలామందికి జబ్బు తేలికగా వచ్చిపోయేది. కొందరు మాత్రం దానివల్లే పోయేవారు. ఇది ఐరోపావారు కనిపెట్టినది కాదు. టర్కీలో చూసివచ్చిన లేడీ మేరీ మాంటేగు 1721లో లండన్‌లో తన కూతురికి చేయించింది. అదే ఏడు బోస్టన్‌లో, ఒనేసిమస్ అనే ఆఫ్రికా బానిస చెప్పిన సంగతి ఆధారంగా బాయిల్‌స్టన్ అనే వైద్యుడు మొదలుపెట్టాడు. బెంగాల్‌లో బ్రాహ్మణులు ఊరూరా తిరిగి చేస్తారని హోల్వెల్ 1767లో లండన్ వైద్యులకు రాశాడు. మనవాళ్ళకు ముందే తెలుసునని గర్వపడతాం, పడవచ్చు కూడా. కానీ ఎందరికి చేశారు, ఎందరు పోయారు అని లెక్క రాసి, ఒప్పుకోనివాళ్ళ ముందు కూడా పెట్టడం ఆ యుగం నేర్పిన అలవాటు. బోస్టన్‌లో మామూలుగా జబ్బుపడ్డవారిలో సుమారు ఏడుగురికి ఒకరు పోతే, చేయించుకున్నవారిలో నలభైమందికి ఒకరు పోయారు.

1760లో బెర్నూలీ ఇంకో మెట్టు ఎక్కాడు. అందరికీ చేయిస్తే సగటు ఆయుర్దాయం సుమారు మూడేళ్ళు పెరుగుతుందని గణితంతో చూపాడు. దాలంబేర్ కూడా గణితజ్ఞుడే, అయినా అడ్డు చెప్పాడు. దేశానికి ఆ లెక్క సరే, తండ్రికి ప్రమాదం ఈ నెలలోనే, లాభం ఎప్పుడో. రెండింటినీ ఒకే త్రాసులో ఎలా తూస్తారన్నాడు. సొంత బుద్ధిని వాడే ధైర్యం చేయమని 1784లో చెప్పిన కాంట్ సైతం, ప్రాణం కాపాడుకోవడానికి ప్రాణాన్ని పణంగా పెట్టవచ్చా అన్నదాన్ని 1797లో ప్రశ్నగానే వదిలేశాడు. నిజం చెప్పాలంటే మాకు దాలంబేర్ మాటే ఎక్కువ తగులుతుంది. మా ఎదుట కూర్చున్న తల్లికి వేయిమంది లేరు, ఒక్క పాప ఉంది.

ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఈ పద్ధతిని సమర్థించినవాడే. అయినా తన నాలుగేళ్ళ కొడుకుకు చేయించలేదు. పిల్లవాడికి అప్పుడు విరేచనాలు, తగ్గాక చూద్దామనుకున్నాడు. 1736లో మశూచి వాడిని తీసుకుపోయింది. టీకా వేయించి బిడ్డ పోతే తమను తాము క్షమించుకోలేమనే తల్లిదండ్రుల కోసం ఆయన ఆత్మకథలో ఆ దుఃఖం రాసుకున్నాడు. ఎటు జరిగినా పశ్చాత్తాపం ఒకటే గనుక ప్రమాదం తక్కువున్న దారి పట్టమన్నాడు.

నేటి టీకాల ప్రమాదం ఆ రోజులతో పోల్చదగ్గది కాదు. అయినా "ఏమీ కాదు" అనడం మేము మానేశాం. వేయిస్తే ఎంత, వేయించకపోతే ఎంత అని రెండంకెలూ కాగితం మీద రాసి ఇస్తున్నాం. మా పిల్లలకు వేయించిన రోజు మేమూ సూది వంక చూడలేకపోయామని కూడా చెబుతున్నాం.