క్రేన్ ఎత్తితే అపచారమా?

కోల్‌కతాలో దుర్గమ్మ విగ్రహాన్ని గంగ పాయ అయిన హుగ్లీలో నిమజ్జనం చేయగానే నగరపాలక సంస్థ క్రేన్లు దాన్ని ఒడ్డుకు లాగేస్తాయి. తల్లిని గంగలో కరగనివ్వకపోవడం అపచారమని కొందరి బాధ. ఆ బాధ నిజమైనదే, కానీ పూజావిధానం దాన్ని సమర్థించదు. దశమి నాడు పురోహితుడు నీళ్ల పాత్రలో అద్దం ఉంచి, అందులో అమ్మవారి ప్రతిబింబం చూపి, దర్పణ విసర్జన చేస్తాడు. ఉద్వాసన అక్కడితోనే పూర్తవుతుంది. ఆ తర్వాత ఘాట్‌కు చేరేది మట్టి, గడ్డి, వెదురు.

మరి మట్టి గంగలో కలవాలన్న తత్వం మాటేమిటని అడగవచ్చు. మట్టి కలుస్తుంది, రంగుల్లోని సీసం మాత్రం ఎక్కడికీ పోదు, నీటిలోనూ బురదలోనూ పేరుకుంటుంది. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సవరించిన మార్గదర్శకాలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దన్నదీ నీటి మేలు కోరే. గంగను తల్లిగా కొలిచే ధర్మం ఆమె ఒడిలో విషం పోయమనదు. అందుకే కోల్‌కతాలోని తెలుగు కుటుంబాలకు ఒక విన్నపం: చవితికి రంగులేని మట్టి వినాయకుణ్ణే తెచ్చుకోండి. ఉద్వాసన చెప్పాక ఇంట్లోనే బకెట్ నీటిలో కరిగించి మొక్కలకు పోయండి. ఘాట్‌కు వెళ్తే పూలు, పత్రి నదిలో వేయకుండా ఒడ్డునే నగరపాలక సిబ్బందికి అప్పగించండి. అదీ పూజలో భాగమే.