మత్తు మాన్పించే విద్య కూడా ఫర్జె కిఫాయాయే

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మస్జిదులలో జుమా ప్రసంగం ముగించగానే మాకు తరచూ ఎదురయ్యే విన్నపం ఒకటుంది. "మౌల్వీసాబ్, మావాడు తాగుడు మానడం లేదు. ఏదైనా చదివి ఊదండి" అంటూ తండ్రులు తలవంచుకుని నిలబడతారు.

కోదాడలో ఒక తండ్రి అలాగే కొడుకును వెంటబెట్టుకు వచ్చాడు. మద్యం హరామ్ అని మేము గంటసేపు బోధించాము. తౌబా చేయించి, ఇకపై చుక్క ముట్టనని మాట తీసుకున్నాము. ఆ యువకుడు మాట నిలబెట్టుకున్నాడు. మూడోనాడు ఒళ్ళంతా వణికి, ఫిట్స్ వచ్చి పడిపోయాడు. వెంటనే ఆసుపత్రికి చేర్చడంతో అల్లాహ్ దయవల్ల బతికాడు. ఏళ్ళ తరబడి అతిగా తాగినవారు ఒక్కసారిగా మానితే ప్రాణాపాయం కలగవచ్చని మాకు అప్పుడే తెలిసింది. అంటే తాగుతూ ఉండవచ్చని కాదు. మానే పనిని ఆ రోజే వైద్యుని దగ్గర ప్రారంభించాలన్నమాట. మేము చెప్పిన ధర్మాజ్ఞ సరైనదే, తెలియని వైద్యానికి పూనుకోవడమే మా తప్పు. వైద్యం రాకుండా వైద్యం చేసేవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (స) హెచ్చరించారు (అబూదావూద్).

మద్యం విషయంలో శిక్షపడి, మళ్ళీ మళ్ళీ పట్టుబడిన ఒక వ్యక్తిని ఎవరో శపించగా, ఆయన (స) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు (బుఖారీ). పాపాన్ని అసహ్యించుకోవాలి, పాపిని చేయి వదలకూడదు. శిక్షణ పొందిన కౌన్సిలర్ నేర్చుకునేది కూడా ఇదే. మానినవాడు మళ్ళీ తాగితే ఛీకొట్టడు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు ఆ కోరిక పుట్టిందో ఓపికగా అడిగి తెలుసుకుంటాడు. భార్యాబిడ్డలకు ధైర్యం చెబుతాడు. విన్న రహస్యాన్ని కాపాడతాడు. మందులు అవసరమైన చోట వైద్యుని దగ్గరకు పంపుతాడు.

ఇది నాలుగు మంచిమాటలతో వచ్చే విద్య కాదు. డిగ్రీ తరువాత రెండేళ్ళు ఎం.ఎస్.డబ్ల్యు. లేదా ఎం.ఏ. సైకాలజీ చదివి, ఆపైన అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగుల మధ్య పనిచేయాలి. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ విద్య ఉంది. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రమే ఉంది.

ఇమామ్ గజాలీ (రహ్మ) తమ 'ఇహ్యా'లో వైద్యాన్ని ఫర్జె కిఫాయాగా పేర్కొన్నారు. అంటే కొందరు నేర్చుకుంటే అందరి బాధ్యత తీరుతుంది, ఎవరూ నేర్చుకోకపోతే ఊరంతా దోషి అవుతుంది. ఫిఖహ్ చదివేవారు కిక్కిరిసిన ఊళ్ళలో ముస్లిం వైద్యుడు లేకపోవడాన్ని చూసి ఆయన ఆనాడే బాధపడ్డారు. మన పిల్లలను ఇంజనీరింగ్‌కు పంపడానికి అప్పులు చేస్తున్నాము. ఈ మూడు పట్టణాల నుంచి ఒక్కొక్కరినైనా, అందులో ఒక సోదరినైనా, ఈ చదువుకు పంపలేమా? పేద విద్యార్థి అర్హుడైతే జకాత్ సొమ్ముతో ఆదుకోవచ్చు కదా!

అంతవరకు ఇమాములు ఒక్కటి చేయాలి. దుఆ చేయండి, దానితోపాటు వైద్యుని వద్దకు పంపండి. మత్తు విముక్తికి 14446, మానసిక సహాయానికి 14416 నంబర్లను మస్జిద్ బోర్డుపై రాయించండి.

మన బిడ్డలను అల్లాహ్ ఈ చెర నుంచి విడిపించుగాక! వారికి తోడుగా నిలిచే జ్ఞానాన్ని, ఓర్పును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.