సొరచెట్టా, ఆముదపు చెట్టా?



యోనా 4వ అధ్యాయములో ప్రవక్తకు నీడనిచ్చినది మన పాత తెలుగు బైబిలులో సొరచెట్టు. ఈ చెట్టును గూర్చి పూర్వము ఒక సంఘమే కలవరపడెను. ఆ సంగతి క్రీ.శ. 403లో అగస్టీను జెరోమునకు వ్రాసిన లేఖలో ఉన్నది. ఉత్తర ఆఫ్రికాలోని ఓయా పట్టణపు బిషప్పు, హెబ్రీ మూలమునుండి జెరోము చేసిన క్రొత్త లాటిను తర్జుమాను గుడిలో చదివించెను. తరతరములుగా సొరచెట్టని విన్నవారికి అందులో మరియొక తీగ పేరు వినబడెను. సంఘమంతయు గగ్గోలు పెట్టెను. మంద లేని కాపరినగుదునేమోయని వెరచి బిషప్పు ఆ మాటను దిద్దవలసివచ్చెను. అది ఆముదపు చెట్టు కావచ్చునని నేడు పండితులు అనేకులందురు.

మనము నవ్వవద్దు. పండితునికి అది నిఘంటువు సంగతి. విన్నవారికి తాము నమ్ముకొనిన వాక్యమును ఎవరో మార్చిరను భయము.

నేనును అట్లే చేసితిని. మరణశయ్యమీదనున్న ఒక అవ్వయొద్ద 23వ కీర్తనను సులభమైన క్రొత్త తర్జుమాలో చదివితిని. నాతోకూడ కదలనారంభించిన ఆమె పెదవులు ఆగిపోయెను. పుస్తకము మూసి పాత మాటలతో మరల మొదలుపెట్టితిని. పెదవులు కదిలెను.

అయినను పాతదనమే పరిశుద్ధత కాదు. రోమా 3:25 చదివిన ఒక ఆదివారమున, క్రొత్తగా బాప్తిస్మము పొందిన కూలి సహోదరుడొకడు నన్నడిగెను: "అయ్యగారూ, కరుణాధారమంటే కరుణ ధారగా కారటమా?" ఇరువదియైదేండ్లుగా ఆ మాట పలుకుచునే యుంటిని గాని వివరింపలేదు. తప్పు అతనిది కాదు, తర్జుమాదియు కాదు, నాది. ఆ సాయంకాలము నిర్గమకాండములోని కరుణాపీఠమును, దానిమీద ప్రోక్షింపబడిన రక్తమును చూపి, మన పాపములకు కరుణ దొరకు చోటు క్రీస్తేయని చెప్పగా అతని కన్నులు చెమర్చెను.

1812లో శ్రీరాంపూరులో మూడు సువార్తలు తెలుగున అచ్చయినప్పుడు అదియు క్రొత్తదే గదా!

కాబట్టి ప్రజల చేతిలోను కంఠములోను ఉన్న బైబిలునే గుడిలో చదువుదము. క్రొత్త తర్జుమాలను ఇంటియొద్ద శ్రద్ధగా చూచి, కఠినమైన మాటను ఊరిభాషలో విప్పి చెప్పుదము. నెహెమ్యా 8వ అధ్యాయములో చదువుటయు, అర్థము చెప్పుటయు కలిసియే జరిగెను. మూలమునకు దూరమైన మాట ఉన్నయెడల దాచవద్దు. ముందుగా బోధించి, వినయముతో తెలుపుదము. జెరోము అబద్ధమాడలేదు, ఓయావారు మూర్ఖులు కారు. వారి మధ్య నిలిచి వివరించు కాపరియే కొదువయయ్యెను.

బోధకుడా, పుస్తకము తెరువకముందు నిన్ను నీవే అడుగుకొనుము: ఈ తర్జుమాను నా పాండిత్యము కొరకు ఎంచుకొంటినా, వెనుక చాపమీద కూర్చున్న ఆ అవ్వకొరకును ఆ కూలివానికొరకునా?

ప్రభువు మనకు సత్యమును ప్రేమతో పలుకు నోరిచ్చునుగాక. ఆమేన్.