రాతిలోని వెలుగు – నీటిలోని ధర్మము

నరసాపురము వద్ద వసిష్ఠ గోదావరిని దాటి అంతర్వేదికి పోవు యాత్రికునకు త్రోవలో కొండయు, బండయు కానరావు. ఆ సీమ యంతయు గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. అయినను అచ్చట కొలువైన దైవము రాతికంబమును చీల్చుకొని వచ్చిన నరసింహుడు. చేతనాచేతనములు రెండును శ్రీమన్నారాయణుని శరీరమే అని విశిష్టాద్వైతము బోధించుచున్నది. కనుక రాతి పుట్టుక నెరుగుటయు భగవంతుని మహిమ నెరుగుటయే.

ఫ్లోరైట్ అను ఖనిజమొకటి కలదు. అది కాల్షియం, ఫ్లోరిన్ అను రెండింటి కలయిక. భూగర్భమున రాతిపగుళ్ళ వెంట ప్రవహించు వేడినీరు ఫ్లోరిన్‌ను మోసుకొని వచ్చును. ఆ నీరు చల్లారినపుడు గాని, కాల్షియం గల శిలను తాకినపుడు గాని, ఖనిజము అణువణువుగా పేరుకొని నలుచదరపు స్ఫటికములగును. స్వతహాగా దానికి రంగు లేదు. అన్య పదార్థముల లేశముచేతను, స్ఫటికమునందలి లోపములచేతను ఊదా, పచ్చ, పసుపు వన్నెలు కలుగును. అతినీలలోహిత కిరణములు సోకినపుడు కొన్ని స్ఫటికములు చల్లని నీలికాంతిని వెలార్చును. 1852లో స్టోక్స్ అను శాస్త్రజ్ఞుడు ఈ గుణమునకు ఆ రాతి పేరు మీదనే ఫ్లోరెసెన్స్ అని పేరిడెను. అందుకే శిలలను సేకరించువారు దానిని అద్దాల పెట్టెలలో దాచుకొందురు.

అయితే ఆ ఖనిజమే నల్గొండ సీమ గ్రానైట్ శిలలలో సన్నని రేణువులుగా ఉన్నది. భూమిలో ఇంకిన నీరు ఫ్లోరైట్ మొదలగు ఖనిజములనుండి ఫ్లోరైడ్‌ను కరగించుకొని బావులకు చేరును. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. గత్యంతరము లేనిచోట 1.5 వరకు అనుమతి. ఏండ్ల తరబడి అంతకు మించి త్రాగినవారికి పళ్ళు గారపట్టును, కీళ్ళు బిగియును, ఎముకలు వంగును. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు ఈ వ్యాధిని గుర్తించిరి.

అట్టివారిని చూచి “పూర్వకర్మ” యని తప్పుకొనుట వైష్ణవ లక్షణము కాదు. నరసాపురమునందే ఎంబెర్‌మన్నార్ కోవెల కలదు. ఎంబార్ భగవద్రామానుజులకు సోదరవరుస. పాము నోట ముల్లు గ్రుచ్చుకొనగా, వ్రేలు పెట్టి దానిని తీసిన దయామయుడని గురుపరంపర చెప్పుచున్నది. విషసర్పపు బాధనే సహింపలేని ఆచార్యుని శిష్యులకు తోటి మానవుని వంగిన వెన్ను కర్మఫలముగా మాత్రమే కనబడవచ్చునా?

ఈ ముల్లును తీయు ఉపాయములును కలవు. నీటిని కాచినంత మాత్రమున ఫ్లోరైడ్ పోదు. పటిక, సున్నము కలిపి తేర్చి, వడగట్టు విధానమును నాగపూరు పర్యావరణ పరిశోధన సంస్థ వారు రూపొందించిరి. దానికి నల్గొండ పద్ధతి యనియే పేరు. సురక్షితమైన నదీజలమును ఊరూరికి చేర్చుట మరియొక మార్గము. పిల్లల పళ్ళపై గారచారలు కనిపించిన ఊరిలో మొదట బావినీటిని పరీక్ష చేయింపవలెను.

గోదావరి నీటితో స్వామికి తిరుమంజనము చేయించు గృహస్థు, ఆ కడవ నెత్తునపుడు మంచినీరు లేని ఊరిని ఒకమారు స్మరించి, తన శక్తికొలది జలదానమునకు తోడ్పడు గాక! రాతిలోని వెలుగును చూచుటకు కిరణము కావలెను. నరునిలోని నారాయణుని చూచుటకు దయ చాలును.