లేమిని చూచిన కన్నులు

జ్ఞానమును స్మృతియనియు అనుభవమనియు రెండుగా విభజించి, ప్రత్యక్షాది ప్రమాణముల చర్చనంతయు అనుభవమునకే ఒప్పగించి, స్మృతి కేవలము సంస్కారమువలన పుట్టునది గదా యని దానిని ఒక్క మాటతో ప్రక్కన నిలిపిన తర్కసంగ్రహకర్త అన్నంభట్టు ఆంధ్రుడని పండితుల మతము. మనవాడు చెప్పినంతమాత్రమున ఒప్పుకొనవలె నని కాదు గాని, ఆ విభాగమునందు న్యాయమున్నది. జ్ఞాపకము క్రొత్తదానిని దేనినిని తేజాలదు. మున్ను కన్నదానినే మరల ముందుంచును. ఆ కన్నది తప్పైనచో తానును తప్పగును. అట్లయినచో, ఎన్నడో ఆట చాలించిన యొక క్రీడాకారుని నైపుణ్యమును ముదుసళ్లు నలుగురు చేరి, కన్నులు చెమర్ప, పూసగ్రుచ్చినట్లు చెప్పుకొనుచుండగా వారియొద్దనున్నది జ్ఞానమా, ఒట్టి ప్రీతియా? ఈ ప్రశ్న ఆటలతో తీరిపోవునది కాదు. స్మరణమును తొమ్మిది భక్తులలో మూడవదిగా నెన్నిన సంప్రదాయము మనది. స్మృతికి ప్రామాణ్యము లేదన్న శాస్త్రమును మనదే.

నేనిచ్చట తలపోయుచున్న క్రీడాకారుడు అమెరికాలోని బోస్టన్ సెల్టిక్స్ బాస్కెట్‌బాల్ జట్టున సెంటరుగా ఆడిన బిల్ రసెల్. ఆతడు 1934లో జన్మించి 2022 జూలై 31న దివంగతుడయ్యెను. చెన్నపట్టణపు ఉత్తరపు కొసనున్న రాయపురమున కూర్చుండి బోస్టనువానిని తలచుటేల యని ఎవరైన నడుగవచ్చును. 1920లో హ్యారీ క్రో బక్ అను అమెరికను ఈ పట్టణముననే వై.ఎం.సి.ఏ. పక్షమున వ్యాయామ విద్యాలయమును స్థాపించినప్పటినుండి బాస్కెట్‌బాల్ మాకు పరాయియాట కాలేదు. అయినను ఆటమీది మక్కువకంటె తర్కమునందలి చిక్కే నన్ను ఆతనివైపు లాగినదని చెప్పుట నిజము.

ఆ చిక్కు ఏదన, రసెల్ పదుమూడు సంవత్సరములాడి పదునొకండు సార్లు తన జట్టును విజేతగా నిలిపెను. అందు కడపటి మూడేండ్లు శిక్షకుడును తానే. అయినను బంతిని వలలో వేయుటయందు ఆతడు సామాన్యుడు. ఆటకు సగటున పదునైదు పాయింట్లు. ఆతని ప్రతిద్వంద్వి విల్ట్ చాంబర్లేన్ 1962 మార్చి 2న ఒక్క ఆటలోనే నూఱు పాయింట్లు గావించెను; ఆ అంకె నేటికిని చెక్కుచెదరలేదు. రసెల్ ఘనత అడ్డుకొనుటయం దుండెను. ఎదిరి విసరిన బంతిని గాలిలోనే ఆపుటను బ్లాక్ అందురు. కాని సెల్టిక్స్ ఆడు లీగువారు బ్లాకులను లెక్కించుట 1973–74 నుండి మాత్రమే మొదలిడిరి. రసెల్ ఆట చాలించినది 1969లో. రింగు తాకి మరలివచ్చిన బంతులను పట్టుకొనుటయందు ఇరువదియొక్క వేల పై చిలుకు ఆతని పేర వ్రాయబడియున్నవి గాని, ఏ విద్యవలన ఆతడు మహనీయుడయ్యెనో ఆ విద్యకు పుస్తకములలో ఒక్క అంకెయు లేదు. అది చూచినవారి స్మృతియందే మిగిలినది. స్మృతియో ప్రమాణము కాదంటిమి.

ఇంతటితో ఆగినను చిక్కు చిన్నదే. ఆటను నిదానించి చూతము. ఎదిరిజట్టువాడు బంతిని దొరకబుచ్చుకొని రింగునకు రెండడుగుల దూరమునకు వచ్చినాడు. మడమలు లేచినవి, మోచేయి పైకెత్తినాడు. ఇంతలో ఓరకంట ఒక పొడవైన ఎడమచేయి కానవచ్చినది, లేదా కానవచ్చునేమో యని జంకు పుట్టినది. బంతిని విసరక వెనుక దూరముననున్న చెలికానికి అందించినాడు. ఇప్పుడు జరిగిన దేమి? ఏమియు లేదు. లెక్క వ్రాయువాని కలము కదలదు. బంతిని ఆపుట జరుగలేదు, ఏలయన విసరుటయే జరుగలేదు. రసెల్ విద్యలో మేలిభాగమంతయు ఇట్టిదే. తాకవలసి వచ్చినప్పుడు సైతము బంతిని జనములోనికి ఎగురగొట్టి చప్పట్లు కొట్టించుకొనుటకంటె దానిని మెల్లగా తన జట్టువాని చేతికి అందునట్లు తట్టుటకే ఆతడు మొగ్గును.

జరుగనిదానిని ఎట్లు చూతురు? మన తార్కికులకు ఇది పాతప్రశ్నయే. నేలమీద కడవ లేదన్న జ్ఞానము ఎట్లు కలిగెనని వారు తరములు తరములు వాదులాడిరి. లేమిని తెలుపుటకు అనుపలబ్ధి యను వేఱొక ప్రమాణము కావలెనని భాట్టమీమాంసకులును అద్వైతులును అనిరి. అక్కఱలేదు, కన్నులే చాలునని నైయాయికు లనిరి. ఇరువురును అంగీకరించిన విషయము మాత్రమొకటి కలదు: ఏది లేదనుచున్నామో ఆ ప్రతియోగిని ముందుగా ఎఱిగియుండవలెను. కడవ నెన్నడును చూడనివాడు నేలను చూచును గాని కడవలేమిని చూడజాలడు. (వేయబడని బంతి ప్రాగభావమా యని ఎవరైన నడిగినచో, కాదు, ప్రాగభావము కార్యము పుట్టగానే నశించునది, ఇచ్చట కార్యము పుట్టనే లేదు. ఆ స్థలమున, ఆ క్షణమున దానిని అత్యంతాభావమనుటయే సాధువు. ఈ పాండిత్యప్రకర్షను చదువరులు మన్నింతురుగాక.)

ఇచ్చటనే స్మృతి, ప్రక్కన నిలువబెట్టిన చోటినుండి మెల్లగా సభలోనికి వచ్చుచున్నది. ఆ స్థానమున మఱియొకడు కాపున్నచో బంతి వలలో పడియుండెడిదన్న ఎఱుక ఎవనికి కలుగును? పదిమంది సెంటర్లను చూచి, వారియెదుట బంతులెట్లు పడినవో మనస్సున నిలుపుకొన్నవానికే. తానై ప్రమాణము కాకున్నను, ప్రతియోగిని అందిచ్చునది స్మృతియే. అది లేనియెడ కన్నులు తెఱచియున్నను అభావము గోచరింపదు. కావున అభిమానుల స్మరణము ఆట ముగిసిన పిదప చేయు అలంకారమని తలచుట పొరపాటు. ఆట సాగుచుండగా చూచుటకే అది కారణమైయున్నది.

దీనిని నాకు బోధపఱచినవాడు తర్కము చదివినవాడు కాదు. రాయపురమును దాని చుట్టుపట్టులును ముష్టియుద్ధమునకు పేరుపడిన చోట్లు. సార్పట్టా పరంపర, ఇడియప్ప నాయకర్ పరంపర యని వంశములవలె చెప్పుకొను బాక్సింగు జట్లు ఇచ్చట వెలసినవి. 2021లో ఒక తమిళచిత్రము వచ్చినతరువాత లోకమంతయు ఆ పేర్లు వినినది గాని, మా వీథులలో అవి తాతలనాటి మాటలే. మహమ్మద్ అలీ 1980లో చెన్నపట్టణమునకు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శనపోటీ ఆడినసంగతి నేటికిని ఇచ్చట నిన్నటి ముచ్చటవలె సాగును. మా వీథిలో రేవుపని చేసి విశ్రాంతి గొన్న తెలుగుపెద్దాయన యొకడు, తాను కుఱ్ఱతనమున చూచిన యొక పందెమును చెప్పుచు, పిడికిలి బిగింపకయే ఎడమభుజమును బెత్తెడు క్రిందికి జార్చి, గడ్డమును ప్రక్కకు త్రిప్పి నాకు చూపెను.

"గుద్దు ఎంతపెద్దదో చెప్పండి మామా" అంటిని.

"గుద్దిందేముంది నాయనా, అది గుడ్డోడికి కూడా ఇనబడతాది. తగలకుండా పోయిందే, అది చూడాల. దానికి నువ్వు ముందు పదిమంది తన్నులు తింటుంటే చూసుండాల" అనెను.

భాట్టులును నైయాయికులును పుటలకొలది వ్రాసినది ఆ పెద్దాయన ఒక్క భుజముతో ముగించెను.

ఇక భక్తి మాట. శ్రవణము, కీర్తనము, స్మరణము, పాదసేవనము, అర్చనము, వందనము, దాస్యము, సఖ్యము, ఆత్మనివేదనము అని ప్రహ్లాదుడు చెప్పిన వరుసలో స్మరణార్చనములు వేఱువేఱుగా నున్నవి. మనము వానిని కలిపివేసి, తలచుకొనుట యనగా పూజించుటయే యని భ్రమపడుదుము. రసెల్ ఈ రెంటిని విడదీసినవాడు. ఆతడు కోరినవారికి సంతకము చేయడయ్యెను. కరచాలనము చేయుటకు, నిలిచి నాలుగు మాటలాడుటకు మాత్రము సిద్ధపడుచుండెను. 1972లో ఆతని ఆరవనంబరు చొక్కాను గౌరవార్థము పైకెత్తి కట్టినప్పుడు, జనమును లోనికి విడువకమునుపే, పాతచెలికాండ్ర నడుమ ఆ తంతు జరుగవలెనని పట్టుపట్టెను. అర్చనమును త్రోసిపుచ్చి సఖ్యమును చేపట్టిన వేలుపు ఆతడనిన అతిశయోక్తి కాదు. దీనికి చేదైన కారణమొకటి కలదు: ఏ ఊరివారు ఆతని ఆటకు చప్పట్లు కొట్టిరో, ఆ చుట్టుపట్టులనే రెడింగ్ అను పట్టణమున ఆతని యింట దుండగులు చొరబడి, నల్లవాడన్న ద్వేషముతో గోడలమీద తిట్లు వ్రాసి, పడకను మలినము చేసిరి. చప్పట్లకును మన్ననకును నడుమ ఎంత యెడమున్నదో ఆతనికి ఎవరును బోధింపవలసిన పని లేదు.

చూడనివారి సంగతి యేమి? మా రాయపురమున 1910లో ఫిరోజ్ క్లబ్‌వాలా అను పారసీకుడు, మరణించిన తన కుమారుడు జాల్ పేర కట్టించిన అగ్నిమందిరము కలదు. అన్యమతస్థులకు ప్రవేశము లేదు గావున మేము వీథినుండి చూతుము. నేడు లోనికేగువారిలో ఆ బాలుని చూచినవారు ఒక్కరును లేరు. తర్కరీత్యా వారిది స్మృతియే కాదు, ఆప్తుల మాటవలన కలిగిన శాబ్దజ్ఞానము. అట్లే రసెల్ ఆటను చూడని యువకులు ఆతనిని తలచుటయు పెద్దలను ఆప్తులుగా నమ్ముటయే. 2022 ఆగస్టులో ఆ లీగువారు ఆరవ నంబరును జట్లన్నింటను విరమింపజేసి, అదివఱకే దానిని ధరించుచున్నవారికి మాత్రము మినహాయింపు నిచ్చిరి. స్మారకము మిక్కిలి యుచితముగా నున్నది: అభావమున ఆఱితేఱినవానికి అభావమునే గుర్తుగా నిలిపిరి. ప్రతియోగిని ఎఱుగనివానికి అది కానరాదు. ఐదు తరువాత ఏడు వచ్చెనని మాత్రము తోచును.

ఇంతవఱకు వచ్చియు అన్నంభట్టును ఓడించితినని నేననను. అభిమానుల నోట బ్లాకులు ఏటేట పెరుగును. పోని గుద్దులును పోయినవిగా మిగులును. సార్పట్టావాడు చెప్పిన పందెమును ఇడియప్ప నాయకర్ పక్షమువాడు ఒప్పుకొనడు. ఇరువురును అదే రాత్రి, అదే గుడారమున, ఎదురెదురు బల్లలమీద కూర్చుండి చూచినవారే. వారిలో ఒకని స్మృతి అయథార్థమై తీరవలెను. ఎవనిదో తేల్చు ఉపాయము శాస్త్రమునందు నాకు దొరకలేదు. వారిని అడిగినచో చెఱియొక పేరును చెప్పి, సాయంకాలము మరల ఒకే బల్లమీద కూడుకొందురు.